జోసెఫ్ పానాల పెట్టె

హిమజ ఫోన్ చేసినప్పుడు బీరన్న తన ఊరు పెన్‌పహాడ్ అవతల కాలువ గట్టున గొర్రెలు మేపుతున్నాడు. తెర మీద ఆ పేరు చూసి ఎత్తలేదు. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారికి ఎత్తాడు.

“బాబాయ్, నాకు పని దొరికింది,” అంది ఆ పిల్ల.

మిర్యాలగూడలో ట్రాక్టర్ల షోరూమట. సర్వీసు విభాగంలో మెకానిక్‌గా తీసుకున్నారట. పదిహేను మంది మగవాళ్ల మధ్య తనొక్కతే ఆడపిల్లట. ఎవరి పానాలు వాళ్లే తెచ్చుకోవాలట. నాన్న పెట్టె ఇంకా కోదాడ షెడ్డులోనే ఉందా, దాన్ని తెచ్చిపెడతావా అని అడిగింది. తెస్తానన్నాడు. అయితే తుప్పు పట్టిన సామాను లోపలికి రానివ్వనని మేనేజరు ముందే చెప్పాడనీ, రంగు వేయిద్దామంటే ఈ ముసురులో ఆరదనీ, బండ్లకు అంటించే స్టిక్కరు షీటు ఉంటుంది కదా, అది చుట్టిస్తే బాగుంటుందనీ, నీలం రంగైతే మరీ మంచిదనీ ఒక్క గుక్కలో చెప్పింది.

“నీకు ఇబ్బందైతే వద్దులే బాబాయ్.”

“ఇబ్బందేంది బిడ్డా. వారం దినాల్ల మీ ఇంటికాడ ఉంటది,” అన్నాడు బీరన్న.

హిమజ తండ్రి జోసెఫ్ లారీ మెకానిక్. కోదాడలో హైవే పక్కన వెంకటేశం షెడ్డులో పెద్ద మేస్త్రీ. పంతొమ్మిదేళ్ల వయసులో గొర్రెల మందను వదిలి పని నేర్చుకుంటానని వచ్చిన బీరన్నకు పానా పట్టడం నేర్పింది అతనే. ఇరవై మూడేళ్లు ఇద్దరూ ఒకే లారీ కింద వెల్లకిలా పడుకుని పని చేశారు. బీరన్న భార్య బుచ్చమ్మకు మొదటి కాన్పు కష్టమై కోదాడ దవాఖానలో పడి ఉంటే, జోసెఫ్ భార్య సుగుణమ్మ తొమ్మిది రోజులు మంచం పక్క నుంచి కదలలేదు. కులాలు వేరు, మొక్కే దేవుళ్లు వేరు. అయినా బీరన్నకు జోసెఫ్ అన్న, సుగుణమ్మ వదిన.

పదకొండు నెలల కిందట జోసెఫ్ టిప్పర్ తొట్టి కింద నలిగి చనిపోయాడు. సమాధి చేసిన మర్నాడే బీరన్న ఊరికి వచ్చి తమ్ముడు చిరంజీవి మందలో కలిసిపోయాడు. షెడ్డు ఎందుకు మానేశావని బుచ్చమ్మ అడిగితే చేతులు ఆడటం లేదన్నాడు. మగాడు ఇంత దుఃఖపడటం ఆమె ఎన్నడూ చూడలేదు. మళ్లీ అడగలేదు. సుగుణమ్మ కూతురిని తీసుకుని మిర్యాలగూడలో అక్క ఇంటి పక్కన చిన్న కిరాయి ఇంట్లోకి మారిందని విన్నాడు గాని, బీరన్న ఒక్కసారీ పోలేదు.

మర్నాడు పొద్దున కోదాడ బస్సెక్కాడు.

షెడ్డు అలాగే ఉంది. వెంకటేశం అతన్ని చూసి కుర్చీలోంచి లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. పెట్టె వెనక మూలన, పాత టైర్ల సందులో ఉంది. నడుమెత్తు ఇనుప పెట్టె, ఐదు సొరుగులు. వానజల్లు కొట్టి మూత అంచులు పొరలు పొరలుగా లేచాయి. ఇద్దరూ కలిసి బయటికి లాగుతుంటే వెంకటేశం నిట్టూర్చాడు.

“అంత పనిమంతుడు. ఆ ఒక్క సపోర్టు సరిగ్గా పెట్టుకోలేకపోయాడు చూడు. ఎప్పుడు తలుచుకున్నా నాకు అదే అర్థం కాదు బీరన్నా.”

బీరన్న తల వంచుకుని సొరుగులు సర్దాడు.

జోసెఫ్ సపోర్టు సరిగ్గా పెట్టుకోలేదన్న మాట పుట్టించింది బీరన్నే.

ఆ రోజు షెడ్డుకు రెండు టిప్పర్లు వచ్చాయి. తొట్టి పైకి లేపి కింద పని చేసేటప్పుడు, అది జారి పడకుండా బలమైన ఇనుప సపోర్టు నిలబెట్టాలి. మొదటి టిప్పరుకు బీరన్నే పెట్టాడు. పని అయ్యాక తీసి గోడకు ఆనించాడు. రెండో టిప్పరు తొట్టి లేపి, ఆయిల్ పైపు మార్చడానికి జోసెఫ్ లోపలికి వంగాడు. వంగేముందు అడిగాడు: “బీరా, సపోర్ట్ పెట్టావా?” ఇంకో లారీ చక్రం దగ్గర కూర్చున్న బీరన్న తల కూడా తిప్పకుండా, “పెట్టినన్నా,” అన్నాడు. అబద్ధమాడాలని కాదు. మొదటి బండికి పెట్టిన సంగతి మనసులో ఉంది, నోటికి అదే వచ్చింది. జోసెఫ్ పైపు వదులు చేశాడు. ఆయిల్ చిమ్మింది. తొట్టి పడింది.

అంతవరకే అయితే బీరన్న ఎప్పటికైనా నోరు తెరిచి ఉండేవాడేమో. కానీ ఆ తర్వాత ఇంకోటి చేశాడు. టీ కొట్టు దగ్గరున్న వాళ్లు పరుగెత్తుకొచ్చే లోపల, గోడకు ఆనించి ఉన్న సపోర్టును ఈడ్చుకొచ్చి బండి పక్కన పడేశాడు. ఎందుకు చేశాడో, ఆ చేతులు ఎలా చేశాయో తర్వాత ఎన్నిసార్లు ఆలోచించుకున్నా అతనికి తెలియలేదు. జనం వచ్చాక, “అన్ననే పెట్టుకున్నడు, జారింది,” అన్నాడు. ఎవరూ అనుమానించలేదు. పోలీసులకూ అదే చెప్పాడు. శవం మీద పడి ఏడ్చినప్పుడు అతన్ని లేపడానికి నలుగురు కావలసి వచ్చింది.

పెట్టెను ట్రాలీ ఆటోలో వేసుకుని సూర్యాపేట తెచ్చాడు. పానాలన్నీ గోనెసంచిలో విడిగా కట్టాడు. కొత్త బస్టాండు దగ్గర నవనీత అనే ఆమె రేడియం షాపు నడుపుతుంది. బండ్లకు నంబర్లు, ఆటోలకు పేర్లు, బైకులకు రంగురంగుల షీట్లు వేస్తుంది. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, గోరుతో గీకి చూసి తల అడ్డంగా ఊపింది.

“తుప్పు మీద షీటు నిలవదు కాకా. ఇయ్యాల అంటిస్త, ఎల్లుండికి బుడగలొస్తయి. మొత్తం గీకి నున్నగ చెయ్యాలె. సొట్టలుంటే పుట్టీ పెట్టాలె. గంత పని చేసే మనిషి నా దగ్గర లేడు.”

“నేను చేస్త. జర జాగ ఇయ్యమ్మా,” అన్నాడు బీరన్న.

షాపు వెనక రేకుల పంచన జాగా ఇచ్చింది. మూడు రోజులు పొద్దున్నే పెన్‌పహాడ్ నుంచి వచ్చి సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు. సొరుగులు ఊడదీసి వరుసగా పేర్చాడు. పిడులు, బీగం స్క్రూలు ఒక డబ్బాలో వేశాడు. ఇరవయ్యేళ్ల గ్రీజును డీజిల్‌తో కడిగి, గరుకు కాగితం పట్టి రుద్దడం మొదలుపెట్టాడు. పైన ఉన్నది బూడిద రంగు. దాని కింద ఎరుపు వచ్చింది. ఎరుపు కింద ఆకుపచ్చ. ఒక్కో రంగు జోసెఫ్ ఎప్పుడు వేశాడో బీరన్నకు తెలుసు. ఆకుపచ్చ పెట్టె కొన్న ఏడాదిది. ఎరుపు హిమజ పుట్టినప్పటిది. బ్రష్షు బీరన్న చేతికే ఇచ్చి ఒక పక్క నువ్వెయ్యరా అన్నాడు. రుద్దుతుంటే అవన్నీ పొడిగా రాలి మోకాళ్ల మీద పడ్డాయి. ఎక్కడా ఒక్క మరక మిగలనివ్వలేదు. మూత మీద సొట్టను లోపలి నుంచి చెక్కసుత్తితో మెల్లగా కొట్టి సరిచేశాడు. గుంటలు మిగిలినచోట పుట్టీ పెట్టి, ఆరాక మళ్లీ రుద్దాడు. వేళ్ల కొనల చర్మం లేచిపోయింది.

ఆ మూడు రోజులూ అతనికి ఆకలి వేసింది. పడుకుంటే నిద్ర పట్టింది. బుచ్చమ్మ గమనించి, మళ్లీ షెడ్డు పనికి పోరాదా అని అడిగింది. చూద్దామన్నాడు. చేతులకు పని దొరికితే మనసు ఇంత తేలికవుతుందని తెలిస్తే ఎప్పుడో పోయేవాణ్ణి అనుకున్నాడు. పిల్లకు పెట్టె చేసిస్తున్నాను, ఇక ముందు దానికి ఏ కష్టమొచ్చినా నేనే నిలబడతాను, తండ్రి లేని లోటు రానివ్వను అనుకున్నాడు. అలా అనుకుంటే ఆ మాట ఇక ఎన్నటికీ చెప్పాల్సిన అవసరం రాదని అతనికి అనిపించింది.

నాలుగో రోజు నవనీత షీటు చుట్టింది. పెట్టెను థిన్నరుతో తుడిచి, నీలం షీటు కొలిచి కత్తిరించింది. వెనక కాగితాన్ని బీరన్న కొంచెం కొంచెంగా లాగుతుంటే ఆమె ప్లాస్టిక్ బిళ్లతో నడుమ నుంచి అంచులకు నొక్కుకుంటూ పోయింది. మూలల దగ్గర హీట్ గన్ పట్టి వెచ్చచేసి సాగదీసింది. గాలి చిక్కినచోట సూదితో పొడిచి వేలితో అదిమింది. అంచులు లోపలికి మడిచి బ్లేడుతో కోసింది. సొరుగుల ముఖాలకు విడివిడిగా అంటించింది. రెండు గంటలు గడిచేసరికి అది పాత పెట్టె అంటే ఎవరూ నమ్మేలా లేదు.

“పేరేమన్న కొట్టాల్నా కాకా? తెల్లక్షరాలైతే మంచిగ కనబడతయి,” అంది.

బీరన్న హిమజకు ఫోన్ చేసి అడిగాడు. నాన్న పేరు వేయించమంది. నవనీత మిషన్ మీద అక్షరాలు కత్తిరించి, మూత మీద గీత గీసుకుని ఒక్కొక్కటీ అంటించింది. జోసెఫ్. ఆమె ఇంకా అదుముతుండగానే బీరన్న లేచి రోడ్డు మీదికి వచ్చి, అటూ ఇటూ పోయే బస్సులను చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

మిర్యాలగూడ చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. హిమజ గుమ్మంలోనే ఎదురు చూస్తోంది. పెట్టె దించగానే మోకాళ్ల మీద కూర్చుని సొరుగులన్నీ లాగి చూసింది, మూసి చూసింది, మళ్లీ లాగింది. ఒక్కటీ కీచుమనలేదు. గోనెసంచి విప్పి పానాలను చిన్న సైజు నుంచి పెద్ద సైజుకు పేర్చింది. తండ్రి కూడా అలాగే పేర్చేవాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

సుగుణమ్మ లోపలి నుంచి వచ్చింది. బీరన్న ఆమెను వెంటనే గుర్తుపట్టలేదు. బుగ్గలు లోపలికి పోయాయి, జాకెట్టు చేతులు వదులుగా వేలాడుతున్నాయి. మాట మాత్రం పాతదే. అన్నం పెట్టింది. చుట్టాలు, చర్చివాళ్లు అందరూ నెల రోజులు వచ్చి మానేశారని, నువ్వొక్కడివే ఆయన్ని మర్చిపోలేదని అంది.

తిన్నాక హిమజ మెల్లగా చెప్పింది. అమ్మ సరిగ్గా తిని ఏడాది కావస్తోందట. డాక్టరుకు చూపిస్తే ఒంట్లో ఏమీ లేదన్నాడట. ఫోన్ మోగితే వణికిపోతుందట, ఎవరికీ తానుగా చెయ్యదట. సుగుణమ్మ కూతుర్ని వారించలేదు. పెట్టె మీది పేరును అరచేత్తో రాస్తూ కూర్చుంది.

“ఆ టైముకే నేను ఫోన్ చేశాను బీరన్నా. వచ్చేటప్పుడు ఉల్లిగడ్డలు తెమ్మని. ఆయన ఎత్తలేదు. నా ఫోన్ మోగబట్టే ఆయన ధ్యాస చెదిరి సపోర్టు సరిగ్గా పెట్టుకోలేదు. ఉల్లిగడ్డల కోసం చంపుకున్నాను మనిషిని.”

బీరన్న లేచాడు. బస్సుకు పొద్దు పోతోందన్నాడు. చెప్పులు వేసుకున్నాడు. హిమజ గేటు దాకా వచ్చి, మొదటి జీతం రాగానే పిన్నికి చీర తెస్తానంది. అతను వీధి మలుపు దాకా నడిచాడు. అక్కడ మూసి ఉన్న దుకాణం మెట్టు మీద కూర్చున్నాడు. పోతే పోవచ్చు. బస్టాండు ఎంతో దూరం లేదు. ఆ ఇంట్లో ఆడమనిషి రోజుకింత చొప్పున కరిగిపోతోంది, తాను చెయ్యని తప్పుకు. వాన తుంపర మొదలైంది. లేచి వెనక్కి నడిచాడు.

గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

“వదినా, నీ ఫోన్‌ది తప్పు కాదు. అన్న సపోర్ట్ పెట్టుకోలే. పెట్టినవా అని నన్నడిగిండు. పెట్టిన అన్న. నేను పెట్టలే. మనిషి పోయినంక ఈడ్చుకొచ్చి బండి పక్కన పడేసిన. జారిందని అందరికీ నేనే చెప్పిన.”

పక్కింట్లో కుక్కరు కూత వేసింది. సుగుణమ్మ అడిగింది.

“మరి నా ఫోన్ మోగలేదా?”

“మోగింది. పని అయినంక చేస్తనన్నడు. నన్నడిగింది దానికంటె ముందే.”

ఆమె మొహంలో తేలికదనం వస్తుందని అతను ఎక్కడో ఆశపడ్డాడు. రాలేదు.

“పదకొండు నెలలు నన్నెందుకు ఉంచావయ్యా దాంట్లో?” అంది. అరవలేదు, తిట్టలేదు. గోడ పట్టుకుని లేచి లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

హిమజ పెట్టె ముందు అలాగే కూర్చుని ఉంది. ఆమె అతని వైపు చూడలేదు. మూత మూలన మడిచిన అంచు కింద గోరు పెట్టి షీటును పైకి లేపింది. లేచిన కొసను పట్టుకుని లాగింది. తడిబట్ట చింపినట్టు శబ్దం వచ్చింది. తండ్రి పేరులో రెండక్షరాలు షీటుతో పాటే ఊడి వచ్చి దానికి చుట్టుకున్నాయి. కింద తెల్లటి ఇనుము బయటపడింది. దాని మీద వేళ్లు వేసి ఏదో వెతికింది. ఆకుపచ్చ లేదు, ఎరుపు లేదు. ఆగిపోయింది.

“నాన్న వేసిన రంగు కూడా లేదు,” అంది. “అంతా గీకేశావా?”

బీరన్న గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేశాడు.

“ఇంక రావద్దు,” అంది. బాబాయ్ అని పిలవలేదు.

మర్నాడు అతను కోదాడ పోయి వెంకటేశానికి చెప్పాడు. పోలీసుల దగ్గరికి పోదాం, నువ్వూ రా అన్నాడు. వెంకటేశం చుట్టూ చూసి, అతన్ని షెడ్డు వెనక్కి తీసుకుపోయి కూర్చోబెట్టాడు. విన్నంతసేపు నేల చూశాడు. ఇప్పుడు చెప్పి పోయిన మనిషిని తెస్తావా అన్నాడు. పొరపాటు ఎవరికైనా జరుగుతుందన్నాడు. ఈ మాట బయటికి పొక్కితే షెడ్డుకు ఒక్క లారీ రాదనీ, ఇక్కడ పని చేసే ఆరుగురి కుటుంబాలు ఏమైపోవాలనీ అడిగాడు. చివరికి అతని చేతులు పట్టుకుని, నీలాంటి పనివాడు దొరకడం లేదు, సోమవారం నుంచి పనికి వచ్చెయ్యి అన్నాడు. బీరన్న ఆ చేతులు విడిపించుకుని బయటికి వచ్చాడు. స్టేషనుకు పోలేదు. ఒంటరిగా పోయే ధైర్యం అతనికి చాలలేదు. ఆ సంగతి కూడా అతనికి తెలుసు.

ఇంటికి వచ్చి బుచ్చమ్మకు చెప్పాడు. ఆమె పొయ్యి ముందు కూర్చుని మొదటి నుంచి చివరిదాకా వింది. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు.

“తొమ్మిది దినాలు నా మలమూత్రాలు ఎత్తిపోసింది ఆమె. ఇగ నేను ఏ మొకం పెట్టుకొని సూడాలె?” అంది.

అన్నం వడ్డించి అతని ముందు పెట్టింది. తను తినలేదు. తన చాప తీసుకుని వాకిలి అవతల గొర్రెల పాక పక్కన వేసుకుంది. అప్పటి నుంచి ఆమె పక్క అక్కడే. వేళకు అన్నం పెడుతుంది, అడిగినదానికి ఒక మాటతో జవాబిస్తుంది. మిర్యాలగూడ ఒంటరిగా రెండుసార్లు పోయి వచ్చింది. సుగుణమ్మ తలుపు తీసిందో లేదో అతనికి చెప్పలేదు. హిమజ పనికి పోతోందని మాత్రం ఒకసారి చిరంజీవితో చెబుతుంటే విన్నాడు.

బీరన్న మందతో పొద్దున పోయి సాయంత్రం వస్తాడు. ఊళ్లో బోరు మోటరు ఆగిపోయినా, ట్రాక్టరు మొరాయించినా అతని కోసం మనిషిని పంపుతారు. నాకు రాదని చెప్పి పంపించేస్తాడు. కోదాడలో ఇరవై మూడేళ్లు ఏం చేసినవు మరి అని ఒకాయన నవ్వుతూ అడిగాడు. వెనకబడ్డ గొర్రెను అదిలిస్తూ బీరన్న ముందుకు నడిచాడు.